కనుమరాయి దాటిన రోజు

ఎర్రవాగుపాలెంలో కనుమనాడు వాగు దాటిన మనిషి లేడు. ఆ రోజు అవతలి ఊళ్ళో చావు కబురు తెలిసినా ఇవతలి గట్టున కూర్చునే ఏడ్చేవాళ్ళు. ఒక ఏడాది కరెంటు తీగ తెగి వాగవతల పడితే, బాగుచేయడానికి వచ్చిన లైన్‌మన్‌ను కూడా గారెలు పెట్టి కూర్చోబెట్టి, మర్నాడు తెల్లారాకే పంపించారు. "కనుమనాడు కాకైనా కదలదు" అన్న మాట మిగతా ఊళ్ళలో సామెత. ఇక్కడ కట్టుబాటు.

ఊరికి పడమట, వాగు మీది చప్టా మొదట్లో, నడుమెత్తు రాయి ఒకటుంది. ఏళ్ళ తరబడి పూసిన పసుపూ సున్నమూ దాని మీద పెచ్చులు పెచ్చులుగా పేరుకుపోయాయి. దాన్ని కనుమరాయి అంటారు. కనుమ పొద్దున పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, ట్రాక్టర్లకు బంతిపూల దండలు కట్టి ఊరంతా ఆ రాయి దగ్గర చేరుతుంది. పొంగలి నైవేద్యం అయ్యాక ఒక పెద్దమనిషి కథ చెప్పాలి. అరవై ఏళ్ళుగా చెబుతున్నవాడు బుల్లయ్య.

బుల్లయ్య కోడలు కోటిరత్నం. దర్శి అవతలి మెట్ట ఊరి నుంచి పెళ్ళై వచ్చి ఇరవై రెండేళ్ళైంది. గొంతు పెద్దది, మాట సూటి. మొగుడు వీరాంజనేయులు నెమ్మదస్తుడు; చేలో ఎంత పనైనా చేస్తాడుగానీ నలుగురిలో నోరు విప్పడు. అందుకని కూలీలను పిలవడం, మందుల కొట్టువాడితో తగువు పడడం, మిర్చి యార్డులో బేరం చేయడం అన్నీ ఆమె నెత్తినే. రెండేళ్ళు వరసగా నల్లతామర పురుగు మిరప పూతనంతా మాడ్చేసింది. ఈ ఏడు మాత్రం మూడెకరాల కౌలు చేలో కాయ విరగకాసింది. వానలు వెనకబడి నాట్లు ఆలస్యం కావడంతో కోత సరిగ్గా పండగ ముందు పడింది. ఊళ్ళో అందరిదీ అదే వరస. కోసిన పండుకాయంతా వాగవతలి గరువు మీద ఎండుతోంది. ఎత్తుగా, గట్టిగా ఉండే ఆ నేల మీదే ఊరి కల్లాలన్నీ. తడి ఆరని కాయను కుప్పేసి రోజుల తరబడి కప్పి ఉంచితే ఆవిరి పట్టి బూజొస్తుంది. అందుకే కాయ పరిచి వదిలేసి, కప్పే పట్టాలు మడిచి ఇళ్ళకు తెచ్చేసుకుని, కనుమ గడిచాక చూసుకుందాంలే అనుకున్నారు అందరూ.

ఆ పొద్దున కూడా బుల్లయ్య నులకమంచం మీద కూర్చుని, కర్ర రెండు చేతుల మధ్య నిలబెట్టి, కథ మొదలుపెట్టాడు.

"శివుడు బసవన్నను పిలిచి, ఒరే బసవా, భూమ్మీదికెళ్ళి మనుషులకో మాట చెప్పిరా అన్నాడు. రోజూ నూనె రాసుకుని తలంటుకోండి, నెలకోసారి అన్నం తినండి అని చెప్పమన్నాడు. బసవన్న దారిలో పచ్చగడ్డి చూసుకున్నాడు, మాట తిరగబడింది. నెలకోసారి తలంటుకోండి, రోజూ తినండి అని చెప్పొచ్చాడు. శివుడికి మండింది. రోజూ తినాలంటే అంత పంట ఎవడు పండిస్తాడ్రా, పో, నువ్వే వెళ్ళి దున్ను అన్నాడు. అప్పట్నుంచీ ఎద్దు మనకోసం దున్నుతానే ఉంది. ఏడాదికి ఈ ఒక్కరోజు దాని మెడమీద కాడి పెట్టగూడదు."

పిల్లలు నవ్వారు. బుల్లయ్య గొంతు సవరించుకుని వాగు కథలోకి వచ్చాడు. రోడ్లూ లారీలూ లేని కాలంలో ఒక షావుకారు పన్నెండు బళ్ళ పత్తిని కనుమనాడే గుంటూరుకు తోలమన్నాడట. బళ్ళోళ్ళు వద్దని కాళ్ళు పట్టుకున్నారట. వాళ్ళలో పెద్దవాడు తన ఎద్దు మూపురం మీద తలవాల్చి, "నాయనా, కడుపుకోసం కాడి పెడతన్నా, నన్ను క్షమించు" అని ఏడ్చాడట. బళ్ళు ఈ వాగు నడిమధ్యకు వచ్చేసరికి పైన ఎక్కడో కురిసిన వాన గోడలా వచ్చి పడిందట. పన్నెండు బళ్ళూ, పన్నెండు మంది మనుషులూ, ఎద్దులూ అన్నీ కొట్టుకుపోయాయట.

"అందుకే ఈ రాయి. కనుమనాడు దీన్ని దాటినోడు తిరిగిరాడు" అని బుల్లయ్య ముగించి, ఎప్పటిలాగే నేల చూపులు చూశాడు.

కొత్త కోడలిగా మొదటి ఏడు ఈ కథ విన్నప్పుడే కోటిరత్నానికి ఒక సందేహం వచ్చింది. అడగబోతే అత్తగారు మోచేత్తో పొడిచింది. తర్వాత ఇంట్లో రెండు మూడుసార్లు అడిగినా, మావగారు వినపడనట్టు లేచి వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఊరుకుంది.

పదకొండు గంటలకు ఆమె పొయ్యి ముందు గారెలు వేస్తోంది. పెరటి దడి అవతల నుంచి జయకుమారి కేక వినిపించింది. జయకుమారిది చర్చి కాలనీ. మిరపకోతల ముఠాకు ఆమె మేస్త్రి. సొంతంగా రెండెకరాలు కౌలుకు కూడా చేస్తోంది. ఆ కాయా గరువు మీదే ఉంది.

"రత్నక్కా! బయటికి రా. తూరుపు చూడు!"

కోటిరత్నం చేతిలో పిండితోనే బయటికి వచ్చింది. సత్తెనపల్లి దిక్కున మబ్బు కాటుక పూసినట్టు లేచింది. గాలి ఆగిపోయింది. పండగపూట అరుచుకుంటూ తిరగాల్సిన కోళ్ళు చూరు కిందికి చేరాయి.

"ఇదేం అకాలం మబ్బే?"

"ఫోనులో కూడా చూపిస్తంది. మధ్యాహ్నం మూడుకల్లా పెద్దవానంట. మా ఆడోళ్ళంతా రాయికాడ నిలబడున్నారు. మీ ఊరోళ్ళు దాటనీటం లేదు."

కోటిరత్నం పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. గారెలు సగం వేగి నూనెలోనే ఉండిపోయాయి.

చప్టా దగ్గర అప్పటికే రెండు వందల మంది ఉన్నారు. పండక్కి వచ్చిన అల్లుళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో, ఆడపడుచులు పట్టుచీరల్లో, కాలనీ వాళ్ళు ఒక పక్కగా. అందరి చూపూ వాగవతలే. అర కిలోమీటరు దూరంలో గరువంతా ఎర్రగా మెరుస్తోంది. ఏడాది కష్టం అక్కడ ఆరుబయట ఉంది. తడిస్తే కాయ రంగు పోయి తాలుగా మారుతుంది. తాలుకాయను యార్డులో అడిగే నాథుడుండడు. అది అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా రాయి దాటి ఒక్క కాలూ పడలేదు.

రాయికి అడ్డంగా అంకమ్మరావు నిలబడ్డాడు. గుడి కమిటీకి పెద్ద ఆయనే. పన్నెండెకరాల కాయ ఆయనదీ అవతలే ఉంది. మొహం పాలిపోయి ఉంది కానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"ఎవరూ తొందరపడొద్దు. మబ్బు చెదిరిపోవచ్చు. పోయిన కాయ మళ్ళీ పండుద్ది. పోయిన మనిషి వస్తాడా?"

"బావగారూ, తప్పుకోండి" అంది కోటిరత్నం.

"ఏమ్మా, నీ మూడెకరాల కోసం ఊరికి అరిష్టం తెస్తావా?"

"నా మూడెకరాలేంది, మీ పన్నెండెకరాలో? జయ రెండెకరాలో? అక్కడ ఉన్నది ఊరంతటిదీ కాదా?"

వీరాంజనేయులు వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. నాన్న అరవయ్యేళ్ళుగా చెబుతున్నాడు. నాన్న మాట కాదని..."

ఆమె మొగుడి చెయ్యి విదిలించలేదు. మెల్లగా విడిపించుకుని, నులకమంచం దగ్గరికి నడిచింది. బుల్లయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"మావయ్యా, నేనొక మాట అడుగుతా. ఇరవై ఏళ్ళ కిందట అడగాల్సింది. పన్నెండు బళ్ళోళ్ళూ వాగులో పోయారన్నావు. మరి ఆ ముసలాయన ఎద్దు మూపురం మీద తలపెట్టి ఏడ్చాడనీ, ఆ మాటన్నాడనీ ఎవరు చెప్పారు? అందరూ చచ్చిపోతే ఈ కథ మనదాకా ఎట్లా వచ్చింది?"

దూరంగా ఉరిమింది.

బుల్లయ్య కర్ర మీద వేళ్ళు బిగించాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, తలెత్తి కోడలి మొహంలోకి చూశాడు.

"అందరూ చావలేదు" అన్నాడు.

"గట్టిగా చెప్పు మావయ్యా. వాళ్ళకి వినపడాలి."

"అందరూ చావలేదు!" ఈసారి ఆయన గొంతు కథ చెప్పే గొంతైంది. "తొమ్మిది మంది బతికారు. వాగులో వాళ్ళు కేకలేస్తంటే మన ఊరంతా ఈ గట్టున నిలబడి చూసింది. దిగబోయిన కుర్రోళ్ళని కర్ర అడ్డంపెట్టి ఆపింది ఎవరో కాదు, మా తాత. కనుమనాడు కాడి కట్టిన పాపం వాళ్ళది, దిగితే మనకంటుకుద్ది అన్నాడు. అప్పుడు ఊరి చివర పల్లె నుంచి గడ్డి కోయడానికొచ్చిన ఒక ఆడమనిషి, బావి కాడి మోట తాడు తెచ్చి, ఒక కొస తుమ్మచెట్టుకి కట్టి, రెండోది నడుముకి చుట్టుకుని వాగులో దూకింది. ఒక్కొక్కణ్ణీ లాక్కొచ్చింది. ఎద్దుల కాడి పట్టెడలు కొడవలితో కోసేసింది. తొమ్మిది మంది మనుషులు, పద్నాలుగు ఎద్దులు."

"మరి ఆమె?" ఎవరో అడిగారు.

"ఆమెని వాగేమీ చెయ్యలేదు. చేసింది మనోళ్ళే. కనుమ కట్టు తప్పిందని వారం తిరక్కుండా ఆమెనీ, మొగుణ్ణీ, పిల్లల్నీ ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. తీర్పు చెప్పింది కూడా మా తాతే. మరుసటేడు కనుమకి ఆ బతికిన బళ్ళోళ్ళు ఈ రాయిని బండి మీద వేసుకొచ్చి పాతారు, ఆమెకి దణ్ణం పెట్టుకోవడానికి. ఆమె లేదని తెలిసి, రాయి మీద తలలు పెట్టి ఏడ్చి పోయారంట. మా తాత సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డోడు నిజం చెప్పొచ్చుగా? చెప్పలా. కథ మార్చాడు. మా నాన్న చచ్చిపోయేముందు నా చెవిలో ఇదంతా చెప్పి, ఇంటి పరువు కాపాడరా అన్నాడు. కాపాడా. అరవై ఏళ్ళు కాపాడా."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు గడ్డం మీదికి కారుతూనే ఉన్నాయి.

"ఆమె పేరు కూడా మా తాత మాకు చెప్పలేదు" అన్నాడు.

"పోలమ్మ" అంది జయకుమారి.

అందరూ అటు తిరిగారు.

"మా నాయనమ్మ చెప్పేది. వాగులో దూకి మనుషుల్ని తెచ్చింది, దానికి ఊరోళ్ళు తరిమేశారని. పోలమ్మ అని పేరు. ఏ వాగో, ఏ ఊరో నాకు తెలవదు. ఎక్కడో జరిగిందనుకున్నా."

కోటిరత్నం లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. "ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అనలేదేమే?"

"ఎవరడిగారక్కా?"

చల్లగాలి ఒక్కసారిగా విసురుగా వచ్చి, ట్రాక్టర్ల మీది బంతిపూల దండలు ఊగాయి. బుల్లయ్య కర్ర ఆనించి మంచం మీంచి లేచాడు. అంకమ్మరావు వైపు నడిచి, ఎదురుగా నిలబడ్డాడు.

"అంకమ్మరావూ, మా తాత నిలబడ్డ చోటే నిలబడ్డావురా. అక్కణ్ణించి జరుగు."

"బాబాయ్..."

"కనుమ ఎద్దుకి సెలవురా. దాన్ని కట్టమని నేను చెప్పటం లేదు. మనిషి చెయ్యాల్సింది మనిషి చెయ్యాలి."

అంటూనే ఆ ముసలాయన రాయి పక్కనుంచి అడుగు వేశాడు. ఇంకొక అడుగు. చప్టా మీద తన కర్ర టకటకలాడుతుంటే, వెనక్కి చూడకుండా నడిచాడు. అందరికంటే ముందు ఆయన వెనక పరిగెత్తింది వీరాంజనేయులు. "నాన్నా, నన్ను పట్టుకో" అని తండ్రి రెక్క కింద చెయ్యి వేశాడు. తర్వాత కోటిరత్నం, జయకుమారి. ఆ తర్వాత గుంపంతా కట్ట తెగినట్టు కదిలింది.

అంకమ్మరావు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. మరుక్షణం తన ట్రాక్టరు డ్రైవరు మీద ఆయన వేసిన అరుపు చప్టా దాటి వినిపించింది.

"ఒరేయ్ బాజీ! దండలు పీకి అవతల పారేసి ట్రాక్టరు తియ్యరా! పట్టాలు ఎవరింట్లో ఉంటే వాళ్ళింటికి పో, అడగబాకు, ఎత్తుకురా!"

మబ్బు ముదురుతోంది. అరవై కల్లాలు. ఎవరి కల్లానికి వాళ్ళు పరిగెడితే పని కాదని కోటిరత్నానికి మొదటి నిమిషంలోనే అర్థమైంది. ఒక పెద్ద బండరాయి ఎక్కి అరిచింది.

"ఎవరిదని చూడబాకండి! తూరుపు కొసనుంచి వరసగా రండి! ఆడోళ్ళు కుప్పచెయ్యండి, మగోళ్ళు కప్పండి, కుర్రోళ్ళు రాళ్ళు మొయ్యండి! జయా, నీ ముఠాని మూడు భాగాలు చెయ్యి!"

జయకుమారికి చెప్పాల్సిన పని లేదు. ఎవరి చెయ్యి ఎంత పని చేస్తుందో ఆమెకు తెలుసు. చెక్కపలకలతో కాయను లాగి మధ్యకు చేర్చేవాళ్ళు కొందరు, గంపలతో ఎత్తేవాళ్ళు కొందరు. మిరప ఘాటుకు అలవాటు లేని అల్లుళ్ళు తుమ్ములతో మెలికలు తిరిగారు. నరసరావుపేటలో బ్యాంకు ఉద్యోగం చేసే అల్లుడొకడు కళ్ళు కనపడక, తుమ్ముతూ తుమ్ముతూనే గంపలు మోశాడు. పట్టుచీర కొంగు మూతికి బిగించి కట్టుకున్న ఆడపడుచులు పుట్టింట్లో ఉన్నప్పటి వయసుకు వచ్చేశారు.

పట్టాలు సగం కల్లాలకే సరిపోయాయి. అప్పుడు జయకుమారి మొగుడు మార్కు చర్చి ముందు క్రిస్మస్‌కు వేసిన పందిరిని ఊడదీసి, ఆ పట్టాలన్నీ ఆటోలో కుక్కి తెచ్చాడు. అవీ అయిపోయాయి. బాజీ ఊళ్ళోకి వెళ్ళి సెంటర్లో ఉన్న ఫ్లెక్సీలన్నీ పీక్కొచ్చాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు, కొత్త సంవత్సర శుభాకాంక్షలు, సినిమా హీరోల మొహాలు, నాయకుల దణ్ణాలు అన్నీ గరువెక్కాయి. జయకుమారి రెండెకరాల కాయ మీద అంకమ్మరావు ఇరవై అడుగుల ఫ్లెక్సీ పడింది. అందులో ఆయన చేతులు జోడించి, తెల్లగా నవ్వుతున్నాడు.

"ఇన్నాళ్ళకి మీ బొమ్మ పనికొచ్చిందండీ" అంది జయకుమారి.

"కాస్త నా మొహం మీద రాయి పెట్టకుండా పక్కన పెట్టమ్మా" అన్నాడు అంకమ్మరావు. ఆయన చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది. తన పన్నెండెకరాల కాయను ఎవరు కప్పారో ఆయన చూసుకోలేదు. అప్పటికి ఆయన కాలనీ వాళ్ళ కల్లాల్లో ఇసుక బస్తాలు మోస్తున్నాడు.

మొదటి చినుకు పడేసరికి యాభై తొమ్మిది కల్లాలు మూతపడ్డాయి. మిగిలింది పడమటి కొసన ఉన్న కోటిరత్నానిది. వరస ప్రకారం అదే చివరిది. ఆమె బండరాయి మీంచి దిగి అటు చూసింది. అంత దూరం, ఇంత వాన. తను పెట్టిన వరస తనకే చుట్టుకుంది.

"నిలబడ్డావేంటే, రా!" అన్న కేక వినిపించింది. నలుగురిలో నోరు విప్పని వీరాంజనేయులు, చేతులు పైకెత్తి జనాన్ని పిలుస్తూ పరిగెడుతున్నాడు. "అందరూ రండి! ఒక్కటే ఉంది! ఒక్కటే!"

రెండు వందల మంది ఆ చివరి కల్లం మీద పడ్డారు. పలకలూ గంపలూ చూడలేదు, చేతులతో, కాళ్ళతో, చీర కొంగులతో కాయను మధ్యకు తోశారు. మూడెకరాల కాయ పది నిమిషాల్లో గుట్ట అయింది. చర్చి పందిరి పట్టా ఒకటి, సినిమా ఫ్లెక్సీ ఒకటి కలిపి లాగారు. గాలి దాన్ని తిరిగి పైకి లేపింది. రాళ్ళు అయిపోయాయి.

"కూర్చోండి! అంచుల మీద కూర్చోండి!" అని కోటిరత్నం తనే ముందు కూలబడింది. చుట్టూతా జనం కూర్చున్నారు. పట్టా అంచు పొడుగునా పెద్దా చిన్నా, ఊరూ కాలనీ, భుజానికి భుజం ఆనించి.

వాన దంచి కొట్టింది. పట్టాల మీద నీళ్ళ మోతకు పక్కవాడి మాట వినిపించడం లేదు. తలల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరో నవ్వారు. ఎందుకో తెలియకుండానే ఇంకొకరు నవ్వారు. చివరికి గరువంతా నవ్వింది. బ్యాంకు అల్లుడు ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు. ఆ తుమ్ము వినపడ్డప్పుడల్లా నవ్వు మళ్ళీ లేచింది.

కోటిరత్నం నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. పక్కన జయకుమారి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

బుల్లయ్యను బాజీ ట్రాక్టరు ట్రక్కు కింద తడవకుండా కూర్చోబెట్టారు. వాన కాస్త నెమ్మదించాక ఊళ్ళోంచి ఎవరో గిన్నెల్లో గారెలూ కోడికూరా మోసుకొచ్చారు. తడిచేతులతోనే తిన్నారు. కూర నీళ్ళపాలైంది, గారెలు నానిపోయాయి. అంత రుచైన కనుమ భోజనం మరి తినలేదని ఆ తర్వాత అందరూ చెప్పుకున్నారు.

"బాబాయ్" అని అంకమ్మరావు ట్రక్కు పక్కన గొంతుకూర్చున్నాడు. "ఇందాక సగం నాకు సరిగ్గా వినపడలేదు. నువ్వు దాటుతుంటే గుండె ఆగినంత పనైంది. మళ్ళీ చెప్పు."

"ఎక్కణ్ణించి?"

"ఆమె తాడు చెట్టుకి కట్టిన కాడ్నించి."

బుల్లయ్య మాట్లాడబోయి ఆగి, జయకుమారిని పిలిచాడు. "అమ్మాయ్, ఇట్రా. మీ నాయనమ్మ ఎట్లా చెప్పేదో అట్లా నువ్వు చెప్పు. తప్పిపోయిన చోట నేనందుకుంటా."

జయకుమారి చీర కొంగు పిండుకుని, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. పిల్లలు ట్రక్కు కిందికి దూరారు. ఆమె మొదట మెల్లగా, తర్వాత గట్టిగా చెప్పింది. ఈసారి తొమ్మిది మందీ బతికారు. వాళ్ళలో ఎద్దు మూపురం మీద ఏడ్చిన ముసలాయన కూడా ఉన్నాడు.

మర్నాడు ముక్కనుమ. పొద్దున్నే అంకమ్మరావు కనుమరాయికి పట్టిన సున్నం పెచ్చులు ఉలితో రాల్చి, కొమ్ములకు వేసిన ఎర్ర రంగుతో దాని మీద "పోలమ్మ" అని రాశాడు. చేతిరాత వంకరగా వచ్చింది. ఎవరూ దిద్దలేదు.

మూడో రోజుకు ఎండ కాసింది. గరువు మీద అరవై కల్లాల్లో పట్టాలు తొలగించి కాయను మళ్ళీ పరిచారు. ఆవిరి గుప్పున లేచింది. కాయ రంగు చెడలేదు. ఆ తర్వాత వారం పాటు వంచిన నడుం ఎత్తకుండా తిరగేశారు.

ఎనిమిదో రోజు సాయంత్రం కోటిరత్నం తన కల్లం మధ్యలో నిలబడి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఆమె ఇంకొకటి తీసింది. అదీ అంతే. కుంకుమ రంగు కాయ, గలగలలాడే గింజ.

"జయా!" అని వాగుదాకా వినిపించేలా అరిచింది. "రేపు పొద్దున్నే ముఠాని తీసుకురా. బస్తాలకెత్తాలి. ముందు నీ కల్లం, తర్వాత నాది!"